ఆనంద మీమాంస: ఒక వేదాంత భావన చరిత్ర

ఆత్మ, ఆనందం అనే రెండు మాటలు వైదిక వాఙ్మయంలో మొదట ఒకదానితో ఒకటి సంబంధం లేకుండానే కనిపిస్తాయి. ఋగ్వేదంలో ఆత్మ అంటే చాలాచోట్ల ఊపిరి. పదో మండలంలోని అంత్యేష్టి సూక్తం చనిపోయినవాడి కన్ను సూర్యుణ్ణి చేరాలని, ఆత్మ గాలిలో కలవాలని కోరుతుంది. ఆనందం సోమరసంతోనూ పరలోకంతోనూ ముడిపడిన మాట. తొమ్మిదో మండలం చివర్లో సోముణ్ణి స్తుతించే ఋషి, ఆనందాలూ మోదాలూ నిండిన అమరలోకంలో తనకు చోటు ఇమ్మని వేడుకుంటాడు. ఆ తరువాతి కాలంలో ఈ మాట సంతానాన్నిచ్చే స్త్రీపురుష సంయోగంలోని సుఖానికి కూడా పేరైంది. రూపాలన్నిటికీ కన్ను, శబ్దాలన్నిటికీ చెవి నెలవైనట్టే ఆనందాలన్నిటికీ ఉపస్థేంద్రియం నెలవని బృహదారణ్యకం చెబుతుంది. తైత్తిరీయం కూడా ఆనందాన్ని ఆ ఇంద్రియంతో జతచేసింది.

దేహంలో కలిగే సుఖానికి పేరైన మాట, దేహానికి అతీతమైన తత్వానికి పేరుగా ఎదగడం భారతీయ చింతనలో పెద్ద మలుపు. అది ఉపనిషత్తుల కాలంలో జరిగింది. ఆ మలుపుతోపాటే ఒక ప్రశ్న కూడా పుట్టింది: ఆనందం ఆత్మకు కలిగేదా, లేక ఆత్మే ఆనందమా? దర్శనాలు దారులు చీల్చుకున్నది ఈ ప్రశ్న దగ్గరే. విచిత్రమేమంటే ఆ చర్చలో అధికభాగం ఒకే ఉపనిషత్తులోని కొన్ని అనువాకాల చుట్టూ తిరిగింది.

తైత్తిరీయం: అయిదు పొరలు, ఒక లెక్క

ఆ ఉపనిషత్తు తైత్తిరీయం. కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ ఆరణ్యకంలో ఏడు, ఎనిమిది, తొమ్మిదో ప్రపాఠకాలు కలిస్తే ఈ ఉపనిషత్తు. శీక్షావల్లి, ఆనందవల్లి, భృగువల్లి అని దీనికి మూడు భాగాలు. బృహదారణ్యకం, ఛాందోగ్యం, తైత్తిరీయం బుద్ధుడి కాలానికి ముందో, ఇంచుమించు ఆ కాలంలోనో రూపుదిద్దుకున్నాయని ఎక్కువమంది పండితుల అంచనా. తెలుగునాట వేదపండితుల్లో అధికసంఖ్యాకులు తైత్తిరీయ శాఖవారు. అందువల్ల ఆనందవల్లి ఇక్కడ తాత్విక గ్రంథం మాత్రమే కాదు; గురుముఖంగా సంథ చెప్పించుకుని, స్వరం తప్పకుండా వల్లించి కంఠస్థం చేసే పాఠం కూడా.

ఆనందవల్లి మనిషిని బయటినుంచి లోపలికి పొరలు పొరలుగా విప్పుకుంటూ వెళుతుంది. అన్నంతో ఏర్పడిన దేహం అన్నమయం. దాని లోపల ప్రాణమయం, దాని లోపల మనోమయం, ఇంకా లోపల విజ్ఞానమయం, అన్నిటికన్నా లోపల ఆనందమయం. ఒక్కో పొరనూ ఉపనిషత్తు పక్షిగా వర్ణిస్తుంది: తల, కుడి రెక్క, ఎడమ రెక్క, నడిమి శరీరం, నిలబెట్టే తోక. ఆనందమయం అనే పక్షికి ప్రియం తల, మోదం కుడి రెక్క, ప్రమోదం ఎడమ రెక్క, ఆనందం శరీరం, బ్రహ్మ తోక. పక్షి నడిమి శరీరానికి ఇక్కడ వాడిన పేరు ఆత్మ. తోకకు వాడిన పేరు పుచ్ఛం. దానికే ప్రతిష్ఠ, అంటే ఆధారం, అని విశేషణం. ఈ రెండు పేర్లూ తరువాతి భాష్యకారుల మధ్య పెద్ద వాదానికి మూలమయ్యాయి.

అదే వల్లిలో ఎనిమిదో అనువాకం ఆనందాన్ని కొలుస్తుంది. దీనికి ఉపనిషత్తు పెట్టిన పేరే ఆనంద మీమాంస. కొలమానం ఒక యువకుడు. మంచివాడు, చదువుకున్నవాడు, దృఢమైనవాడు, బలమైనవాడు. సిరిసంపదలతో నిండిన భూమండలమంతా అతనిదే. అతని ఆనందం ఒక పాలు. దానికి నూరు రెట్లు మనుష్య గంధర్వుల ఆనందం. అక్కడినుంచి ఒక్కో మెట్టుకూ నూరు రెట్లు పెరుగుతూ దేవగంధర్వులు, పితృదేవతలు, ఆజానజ దేవతలు, కర్మదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి, చివరికి బ్రహ్మ. మొత్తం 10 మెట్లు. గుణించి చూస్తే బ్రహ్మానందం మనుష్యానందానికి 1 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని రెట్లు అవుతుంది.

అయితే లెక్కతోపాటు ప్రతి మెట్టు దగ్గరా ఉపనిషత్తు ఒక మాట చేరుస్తుంది: వేదం చదివి, కోరికల దెబ్బ తగలనివాడికి ఆ ఆనందం ఇక్కడే ఉంది. అంటే ఆ మెట్లు ఎక్కడానికి లోకాలు దాటనక్కరలేదు. ఈ చోట శంకరాచార్యులు ఒక సూక్ష్మం పట్టుకున్నారు. చదువూ, పాపం లేకపోవడమూ అన్ని మెట్లలో సమానమే. మెట్టు మెట్టుకూ పెరిగేది కోరిక లేకపోవడం ఒక్కటే. కాబట్టి ఆనందం పెరగడమంటే కొత్తది వచ్చి చేరడం కాదు, అడ్డు తొలగడం.

భృగువల్లి ఇదే విషయాన్ని కథగా చెబుతుంది. భృగువు తండ్రి వరుణుణ్ణి బ్రహ్మ అంటే ఏమిటని అడుగుతాడు. తండ్రి జవాబు చేతికివ్వడు, తపస్సు చేసి తెలుసుకోమంటాడు. కొడుకు అన్నమే బ్రహ్మ అనుకుని తిరిగి వస్తాడు, మళ్ళీ వెళతాడు. ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందం దగ్గరికి చేరాక మరి అడగడానికి రాడు. ఆ వెంటనే ఉపనిషత్తు అన్నాన్ని నిందించకూడదని, అన్నాన్ని విరివిగా పండించాలని, ఇంటికొచ్చినవాణ్ణి కాదనకూడదని నియమాలు పెడుతుంది. లోపలి పొర తెలిసినంత మాత్రాన బయటి పొర తక్కువదైపోదని ఆ నియమాల భావం.

యాజ్ఞవల్క్యుడు, ఇంద్రుడు, నారదుడు

బృహదారణ్యకం ఇదే ప్రశ్నను ప్రేమ వైపునుంచి అడిగింది. సన్యసించబోతూ ఆస్తి పంచి ఇవ్వడానికి సిద్ధపడిన యాజ్ఞవల్క్యుణ్ణి భార్య మైత్రేయి ఆపుతుంది. భూమినిండా సంపద తనదైతే అమృతత్వం వస్తుందా అని అడుగుతుంది. రాదని చెప్పిన యాజ్ఞవల్క్యుడు, భర్త గానీ భార్య గానీ బిడ్డలు గానీ ధనం గానీ తమకోసం ప్రియం కావని, ఆత్మకోసమే ప్రియమవుతాయని బోధిస్తాడు. ఆత్మ ఆనందస్వరూపమని చెప్పడానికి తరువాతి వేదాంతులు చూపిన ముఖ్యమైన యుక్తి ఈ సంవాదంలో ఉంది. దేనిమీద ప్రేమ అయినా మరొకదానికోసం. ఆత్మమీద ప్రేమ మాత్రం ఇంకొకదానికోసం కాదు.

జనకుడితో సంభాషణలో యాజ్ఞవల్క్యుడు మెలకువ, కల, గాఢనిద్ర అనే మూడు స్థితుల్ని పరిశీలిస్తాడు. గాఢనిద్రలో కోరిక లేదు, శోకం లేదు, లోపలా బయటా అనే తేడా తెలియదు. ప్రియురాలి కౌగిలిలో ఉన్నవాడికి మరేదీ తెలియనట్టే ఆ స్థితి అని ఋషి పోల్చాడు. ఆనందాన్ని నూరేసి రెట్లు పెంచుతూ వెళ్ళే లెక్క ఇక్కడా ఉంది, అయితే దీనిలో మెట్లు 6.

ఛాందోగ్యం గాఢనిద్రను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ప్రజాపతి దగ్గరికి దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు ఆత్మను తెలుసుకోవడానికి వస్తారు. ఇద్దరూ 32 ఏళ్ళు బ్రహ్మచర్యం చేస్తారు. నీటిలో కనబడే ప్రతిబింబాన్ని చూపి ఇదే ఆత్మ అంటే విరోచనుడు తృప్తిగా వెళ్ళిపోతాడు. ఇంద్రుడికి దారిలో సందేహం వస్తుంది. తిరిగి వచ్చి మరో 32 ఏళ్ళు ఉంటాడు. కలగనేవాడే ఆత్మ అంటే అదీ చాలదంటాడు. మళ్ళీ 32 ఏళ్ళు. గాఢనిద్రలో ఉన్నవాడే ఆత్మ అంటే, అప్పుడు తానున్నానని కూడా తెలియదు కదా, నాశనమైనట్టే కదా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. మరో 5 ఏళ్ళు గడిచి మొత్తం 101 ఏళ్ళు నిండాక అసలు ఉపదేశం అందుతుంది. తనకు తెలియని సుఖం సుఖమెలా అవుతుందని ఇంద్రుడు వేసిన ఈ ప్రశ్నే తరువాతి శతాబ్దాల్లో నైయాయికుల నోట, భక్తుల నోట రకరకాలుగా వినిపించింది.

అదే ఉపనిషత్తులో నారదుడు తాను చదివిన విద్యల పట్టీ చదువుతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, నక్షత్రవిద్య, ఇంకా ఎన్నో. ఇన్ని తెలిసినా శోకం తీరలేదని సనత్కుమారుడితో చెప్పుకుంటాడు. అల్పంలో సుఖం లేదని, హద్దులేని భూమ మాత్రమే సుఖమని గురువు బోధిస్తాడు. పన్నెండే మంత్రాలున్న మాండూక్యం గాఢనిద్రను ఆనందమయ స్థితిగా గుర్తించి, ఆత్మను మాత్రం దానికి అవతల నాలుగోదిగా నిలిపింది.

ఆనందం వద్దన్న దర్శనాలు

ఈ బోధను అందరూ అంగీకరించలేదు. శాశ్వతమైన ఆత్మ అంటూ ఏదీ లేదని బౌద్ధం చెప్పింది. వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్న దర్శనాల్లోనూ కొన్ని ఆత్మను అంగీకరించి, అది ఆనందమనే మాటను తోసిపుచ్చాయి. సాంఖ్యంలో పురుషుడు కేవల సాక్షి. సుఖదుఃఖాలు రెండూ ప్రకృతి పరిణామాలు. పతంజలి యోగసూత్రాల్లో ఆనందం సంప్రజ్ఞాత సమాధిలో ఒక దశ మాత్రమే. సాధకుడు దాన్ని దాటి వెళ్ళాలి.

అందరికన్నా గట్టిగా ఎదిరించినవారు నైయాయికులు. గౌతముడి న్యాయసూత్రాల ప్రకారం అపవర్గం అంటే దుఃఖంనుంచి పూర్తిగా విడిపోవడం. భాష్యకారుడు వాత్స్యాయనుడు మోక్షంలో నిత్యసుఖం ఉందనే వాదాన్ని ఖండించాడు. అతని తర్కం సాధకుడి మనస్సును కూడా లెక్కలోకి తీసుకున్నది: నిత్యసుఖం కావాలనే ఆశ కూడా రాగమే, రాగం బంధమే, కాబట్టి సుఖంకోసం మోక్షం కోరేవాడు బంధాన్ని వదిలినట్టు కాదు. తెలివీ సుఖమూ లేని ఆ ముక్తి రాయిలాంటిదని ఎదుటిపక్షాలవారు ఆక్షేపించారు. శ్రీనాథుడు ‘శృంగార నైషధం’గా తెలుగు చేసిన శ్రీహర్షుడి కావ్యంలో కూడా చార్వాకుడి నోట ఈ ఆక్షేపణ వస్తుంది. నైయాయికుల్లోనే భాసర్వజ్ఞుడు సంప్రదాయాన్ని కాదని మోక్షంలో నిత్యసుఖాన్ని అంగీకరించాడు.

సుఖమంటే దుఃఖం లేకపోవడమేనా అన్న ప్రశ్నకు అద్వైతి మండనమిశ్రుడు ‘బ్రహ్మసిద్ధి’లో అనుభవంనుంచి జవాబిచ్చాడు. మండువేసవిలో చల్లని కొలనులో నడుముదాకా దిగినవాడికి పైభాగాన ఎండ బాధ, కిందిభాగాన చల్లదనపు సుఖం ఒకేసారి తెలుస్తాయి. దుఃఖం ఉండగానే సుఖమూ ఉంది కాబట్టి సుఖం దుఃఖాభావం కాదు; దానికంటూ ఒక ఉనికి ఉంది. బ్రహ్మానందం కూడా అలాంటి భావరూపమైనదేనని అతని సిద్ధాంతం.

ఒకే పేజీ, నాలుగు భాష్యాలు

బాదరాయణుడి బ్రహ్మసూత్రాల్లో మొదటి అధ్యాయం మొదటి పాదంలో 12 నుంచి 19 వరకు ఉన్న 8 సూత్రాలను ఆనందమయాధికరణం అంటారు. తైత్తిరీయంలోని ఆనందమయం ఎవరు, జీవుడా పరబ్రహ్మమా అన్నది ఇక్కడి విచారణ. ‘మయం’ అనే ప్రత్యయానికి వికారమనీ, సమృద్ధి అనీ రెండర్థాలున్నాయి. మట్టితో చేసిన కుండ మృణ్మయమైనట్టు ఆనందమయం ఆనందంనుంచి తయారైనదా, లేక ఆనందం పుష్కలంగా ఉన్నదా అన్నదాన్ని బట్టి సిద్ధాంతం మారిపోతుంది.

శంకరాచార్యులు ఆనందమయమే బ్రహ్మ అనే పూర్వ వ్యాఖ్యానాన్ని ముందు వివరించి, తరువాత దాన్ని కాదన్నారు. అన్నమయం మొదలు నాలుగుచోట్ల వికారార్థం తీసుకుని అయిదోచోట మాత్రం అర్థం మార్చడం తగదని ఆయన వాదం. పైగా తల, రెక్కలు ఉన్నది అవయవాలున్న వస్తువే అవుతుంది. కాబట్టి ఆనందమయం కూడా ఒక కోశమే. దానికి ఆధారంగా, తోకగా చెప్పిన బ్రహ్మమే పరతత్వం. బృహదారణ్యక భాష్యంలో ఆయన ఇంకో అడుగు ముందుకు వేశారు. ముక్తుడు ఆనందాన్ని అనుభవిస్తాడంటే అనుభవించేవాడు, అనుభవం అనే రెండు ఏర్పడతాయి. అద్వైతంలో అది కుదరదు. అందుచేత ఆనందం బ్రహ్మస్వరూపమే తప్ప బ్రహ్మకు తెలిసే విషయం కాదు. గౌడపాదుడు కారికల్లో సమాధిలో కలిగే సుఖాన్ని రుచి చూస్తూ ఆగిపోవద్దని సాధకుణ్ణి హెచ్చరించడం కూడా ఈ ధోరణిలోదే.

విశిష్టాద్వైతి అయిన రామానుజాచార్యులు శ్రీభాష్యంలో ఆనందమయమే పరబ్రహ్మమని నిర్ధారించారు. ఆయనకు ఆధారం ఆనంద మీమాంసలోని లెక్కే. నూరేసి రెట్లు పెరిగి, మించడానికి వీలులేని చోటికి చేరిన ఆనందం దుఃఖం అంటిన జీవుడిది కాజాలదు. ఆ ఆనందం భగవంతుడి కల్యాణగుణం. ముక్తుడు దాన్ని పొందుతాడు, అయితే వేరుగా ఉండే పొందుతాడు.

ఆనందతీర్థులనే పేరున్న ద్వైతి మధ్వాచార్యులకు అదే లెక్క తారతమ్యానికి ప్రమాణమైంది. మోక్షంలో కూడా జీవుల ఆనందం ఒక్కలా ఉండదు. ఎవరి యోగ్యతకు తగ్గట్టు వారికి నిండుతుంది, తక్కువైనవారికి అసూయ ఉండదు. వల్లభాచార్యులు (1479–1531) తెలుగు వైదిక కుటుంబానికి చెందినవారు. ఆయన సిద్ధాంతంలో జడపదార్థంలో సత్తు ఒక్కటే వ్యక్తమవుతుంది, జీవుడిలో సత్తూ చిత్తూ వ్యక్తమవుతాయి, ఆనందం మాత్రం మరుగున ఉంటుంది. తైత్తిరీయం కొలిచి చెప్పిన ఆనందం అక్షరబ్రహ్మానిదని, పురుషోత్తముడైన శ్రీకృష్ణుడి ఆనందం కొలతకు అందదని ఆయన విడదీశారు. ఇలా ఒకే లెక్క శంకరులకు వైరాగ్యపు మెట్లుగా, రామానుజులకు దైవలక్షణంగా, మధ్వులకు తారతమ్యంగా, వల్లభులకు పరిమితానందంగా అర్థమైంది.

పంచదశి

అద్వైతంలో ఆనందాన్ని అందరికీ అర్థమయ్యేలా విడమరచిన గ్రంథం విద్యారణ్యుల ‘పంచదశి’. 14వ శతాబ్దిలో శృంగేరి పీఠాన్ని అధిష్ఠించిన విద్యారణ్యులు 1386లో సిద్ధి పొందారు. గ్రంథంలోని 15 ప్రకరణాల్లో చివరి అయిదు యోగానందం, ఆత్మానందం, అద్వైతానందం, విద్యానందం, విషయానందం అనే పేర్లతో ఉన్నాయి.

గ్రంథం మొదటి ప్రకరణంలోనే ఆయన ఒక చిక్కుముడి విప్పారు. ఆత్మ ఆనందమని తెలియకపోతే దానిమీద అంత ప్రేమ ఉండకూడదు. తెలిస్తే విషయసుఖాలకోసం వెంపర్లాట ఉండకూడదు. మనిషిలో రెండూ ఉన్నాయి. దీనికి ఆయన చూపిన ఉదాహరణ వేదపాఠశాల. పిల్లలంతా కలిసి వల్లిస్తుంటే తన కొడుకు గొంతు అందులో ఉందని తండ్రికి తెలుసు, కానీ విడిగా అది ఫలానా అని పట్టుకోలేడు. ఆ గొంతు వినబడుతూనే ఉంది, వినబడటమూ లేదు. ఆత్మానందం కూడా అలాగే తెలిసీ తెలియనట్టుంటుంది. తెలియనివ్వని అడ్డు అవిద్య. కోరిన వస్తువు దొరికినప్పుడు కలిగే సుఖాన్నీ ఆయన ఇదే పద్ధతిలో వివరించారు. కోరిక తీరిన క్షణాన మనస్సు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన మనస్సులో ఆత్మానందం ప్రతిఫలిస్తుంది. మనిషి ఆ సుఖం వస్తువులో ఉందనుకుంటాడు.

రసం, భక్తి

తైత్తిరీయం పరతత్వాన్ని రసమని కూడా పిలిచింది. ఆ మాట ఆనందచర్చను కావ్యశాస్త్రంలోకి తెచ్చింది. 10–11 శతాబ్దాల్లో కాశ్మీరంలో జీవించిన అభినవగుప్తుడు శైవదర్శనంలో శివుడి శక్తులను చిత్తు, ఆనందం, ఇచ్ఛ, జ్ఞానం, క్రియ అని అయిదుగా వివరించాడు. నాట్యశాస్త్రానికి రాసిన ‘అభినవభారతి’లో, నాటకం చూసే సహృదయుడు తన సొంత లాభనష్టాలు మరచినప్పుడు కలిగే తన్మయత్వమే రసమని చెప్పాడు. 17వ శతాబ్దిలో షాజహాన్ ఆదరణ పొందిన జగన్నాథ పండితరాయలు గోదావరి సీమలోని ముంగండకు చెందిన కుటుంబంవాడు. ‘రసగంగాధరం’లో ఆయన దీనికి వేదాంత పరిభాషలో రూపమిచ్చాడు: స్థాయీభావంతో కూడి, కప్పిన తెర తొలగిన చైతన్యమే రసం.

భక్తి సంప్రదాయాలు ఆనందంలో లీనం కావడంకన్నా ఆనందాన్ని ఆస్వాదించడమే మిన్న అన్నాయి. 16వ శతాబ్ది తొలినాళ్ళలో గోదావరి తీరాన చైతన్య మహాప్రభువుకూ, గజపతుల తరఫున రాజమహేంద్రవరం పాలించిన రామానందరాయలకూ జరిగిన సంభాషణ గౌడీయ వైష్ణవులకు ముఖ్యమైన ఘట్టం. మోక్షంకన్నా ప్రేమ గొప్పదనే నిర్ణయం వైపు అది సాగుతుంది.

తెలుగులోకి, ఆధునిక కాలంలోకి

సంస్కృతం రానివారికి ఈ విద్య తెలుగు గ్రంథాల ద్వారా అందింది. 15వ శతాబ్దిలో మడికి సింగన ‘వాసిష్ఠ రామాయణం’ రాశాడు. 18వ శతాబ్దిలో ఓరుగల్లు ప్రాంతానికి చెందిన పరశురామపంతుల లింగమూర్తి రచించిన ‘సీతారామాంజనేయ సంవాదం’ హనుమంతుడికి సీతారాములు చేసిన ఉపదేశం రూపంలో రాజయోగాన్నీ అద్వైతాన్నీ బోధిస్తుంది. గురువుల దగ్గర కూర్చుని పద్యం పద్యానికీ అర్థం చెప్పించుకునే వేదాంత గోష్ఠుల్లో ఈ గ్రంథం తరతరాలుగా పాఠ్యంగా నడిచింది.

చదివే అర్హత ఎవరికుందన్న ప్రశ్న 20వ శతాబ్దిలో ముందుకొచ్చింది. కేరళలో పుట్టి తెలుగునాట స్థిరపడిన మలయాళస్వామి 1926లో ఏర్పేడులో వ్యాసాశ్రమం స్థాపించారు. కులభేదం లేకుండా, స్త్రీలకు కూడా సంస్కృతాన్నీ ఉపనిషత్తులనూ బోధించే ఏర్పాటు చేశారు. అందరిలోనూ ఉన్న ఆత్మను తెలుసుకునే అధికారం కొందరికే ఎందుకుండాలన్న వాదాన్ని ‘శుష్కవేదాంత తమోభాస్కరం’లో శాస్త్రప్రమాణాలతో నిలబెట్టారు.

అరుణాచలంలో రమణ మహర్షి (1879–1950) ఈ పాత యుక్తులన్నిటినీ ‘నేనెవరు’ అనే ఒక్క విచారణలోకి తెచ్చారు. ప్రతి ప్రాణీ సుఖం కోరుతుంది, ప్రతి ఒక్కరికీ తనమీదే ఎక్కువ ప్రేమ, మనస్సు లేని నిద్రలో సుఖం తెలుస్తూనే ఉంది. కాబట్టి సుఖం కావాలంటే తన్ను తాను తెలుసుకోవాలి. మైత్రేయికి చెప్పిన ప్రేమ యుక్తి, జనకుడికి చెప్పిన నిద్ర యుక్తి ఇందులో పక్కపక్కన నిలిచాయి. 1907లో ఆయనకు రమణ మహర్షి అనే పేరు పెట్టినవారు బొబ్బిలి దగ్గరి కలవరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతిముని. తమిళంలో 30 పద్యాలుగా చెప్పిన ఉపదేశసారాన్ని మహర్షి తెలుగులోనూ తానే రచించారు.

వేదాంత మఠాల్లో ఆనందమయాధికరణం ఈనాటికీ ఎవరి భాష్యంతో వారు చెప్పుకునే పాఠమే. ఆనందం భావరూపమైనదని, అది కోరికవల్ల కాక కోరిక అణగడంవల్ల వెల్లడవుతుందని వేదాంత శాఖలన్నీ ఒప్పుకుంటాయి. ఆ ఆనందం తానే అని అద్వైతి అంటాడు. అది భగవంతుడిదని, తాను దానిలో పాలుపొందుతానని విశిష్టాద్వైతి అంటాడు. తనకు తగినంత తనలో నిండుతుందని ద్వైతి అంటాడు. భేదం ముఖ్యంగా ఆనందం ఎవరిది అన్న విషయంలోనే. తైత్తిరీయం లేవనెత్తిన ఆ ప్రశ్నకు ఒకే జవాబు స్థిరపడలేదు గానీ, దాన్ని తేల్చుకునే ప్రయత్నంలోనే వేదాంతం తర్కాన్నీ మనస్తత్వ విచారణనూ రససిద్ధాంతాన్నీ ఇంతగా పెంచుకున్నది.